రెండడుగుల మంచినీటి ట్యాంకును ఉప్పునీటికి మార్చాలంటే ఏం చేయాలి?

కూకట్‌పల్లి_ఆక్వా #1

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 24×12×12 అంగుళాల అద్దం ట్యాంకు ఉంది. అందులో గప్పీలు, నాలుగు బ్లాక్ మోలీలు, ఒక సక్కర్ ఉన్నాయి. ఇంటర్నల్ ఫిల్టర్, ఎయిర్ పంపు, ఎల్‌ఈడీ లైటు, అడుగున రంగు గులకరాళ్లు, ఒక చెక్క దుంగ. మా పాప క్లౌన్ చేపలు కావాలని పట్టుబట్టింది. షాపతన్ని అడిగితే "ఏముంది సార్, నీళ్లు తీసేసి ఉప్పు కలిపిన నీళ్లు పోయడమే, వారంలో చేపలు వదిలేయొచ్చు" అన్నాడు. నాకైతే నమ్మకం కుదరలేదు.

ఉన్న సామానులో ఏది పనికొస్తుంది? ఫిల్టర్ చాలాకాలంగా ఆగకుండా నడుస్తోంది, అందులో మంచి బ్యాక్టీరియా ఉన్నట్టే కదా, మళ్లీ సైకిల్ (చేపల వ్యర్థాల అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియాను పెంచడం) చేయాలా? మాకు వచ్చేవి బోరు నీళ్లు. తాగడానికి ఆర్‌ఓ ఉంది.

గప్పీ_రాజా #2

బ్రదర్, అంత ఆలోచన ఎందుకు? కిరాణా కొట్లో కల్లుప్పు బస్తా తెచ్చుకో. సముద్రంలో ఉన్నదీ అదే కదా. ఆక్వేరియంల కోసం అమ్మే ఫారిన్ సముద్రపు ఉప్పు డబ్బాకి పెట్టే డబ్బుతో ఏడాదికి సరిపడా పులస తినొచ్చు 😄

కెమిస్ట్రీ_మాస్టారు #3

రాజా గారి మాట విని ఎవరూ బస్తా మోసుకురాకండి.

మాది చినగంజాం దగ్గర. ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాణ్ణి. మడిలో నీరు ఎండకు చిక్కబడుతుంటే అందులోని లవణాలన్నీ ఒకేసారి గడ్డకట్టవు, ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి. మొదట కాల్షియం కార్బొనేట్, దాని వెనక జిప్సం. ఆ తర్వాత గళ్లుగా కట్టేదే మనం కూరలో వేసుకునే ఉప్పు. దాన్ని గీకి గట్టు మీద కుప్ప పోశాక మడిలో కాస్త జిడ్డుగా, నాలుక మీద వేసుకుంటే చేదుగా ఉండే నీరు మిగులుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు ఆ చేదునీటిలోనే ఉండిపోతాయి. అంటే కల్లుప్పు మీ ఇంటికి చేరేసరికి కాల్షియం ముందే పోయింది, మెగ్నీషియం వెనకాలే మిగిలిపోయింది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో సోడియం క్లోరైడ్ నాలుగింట మూడొంతులకు కాస్త పైన. మిగతా దాంట్లో మెగ్నీషియం లీటరుకు 1300 మిల్లీగ్రాముల దరిదాపుల్లో, కాల్షియం, పొటాషియం చెరో 400 దగ్గర ఉంటాయి. కల్లుప్పు కలిపినా ఉప్పదనం కొలిచే మీటరు 35 చూపిస్తుంది. కానీ నీటికి ఆల్కలినిటీ (పిహెచ్ పడిపోకుండా ఆపే గుణం) ఉండదు, పిహెచ్ నిలవదు. అయోడిన్ లేని ఉప్పైతే ఫర్వాలేదని కొందరంటారు. అసలు సమస్య అయోడిన్ కాదు, లేనివి ఇన్ని ఉండటం.

డల్లాస్_రీఫర్ #4

మాస్టారు గారూ, ఇంత బాగా ఇక్కడి క్లబ్బుల్లో కూడా ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి గారూ, మీ సామాను సంగతి. అద్దం ట్యాంకు నిక్షేపంగా పనికొస్తుంది. స్టాండు కూడా, చెక్కదైతే పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించండి. ఎయిర్ పంపు దాచుకోండి. లైటు ఒట్టి చేపలకైతే చాలు. రంగు గులకరాళ్లు, దుంగ, మొక్కలు మాత్రం బయటికే. దుంగ రంగు వదిలి పిహెచ్ దించుతుంది, మనకు కావలసింది 8.1 నుంచి 8.4. అడుగున అరగొనైట్ ఇసుక కానీ సున్నపు గుణమున్న ఇసుక కానీ ఒక అంగుళం మందాన వేస్తే సరిపోతుంది.

ఇంటర్నల్ ఫిల్టర్ డబ్బా వాడుకోవచ్చు, లోపలి స్పాంజి మాత్రం కొత్తది వేయండి. మీ బ్యాక్టీరియా మంచినీటికి అలవాటు పడింది. ఒక్కసారిగా ఉప్పునీటిలోకి వెళితే చాలావరకు చచ్చి, అదే కుళ్లి అమ్మోనియా పెంచుతుంది. కాబట్టి సైకిల్ మొదటి నుంచీ చేయాల్సిందే. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. షాపతను చెప్పిన 'వారం'లో చేపలు కొనడం ఒక్కటే పూర్తవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ ట్యాంకులో ఎప్పుడైనా రాగి కలిసిన మందు వాడారా?

కూకట్‌పల్లి_ఆక్వా #5

చేపలకు తెల్లమచ్చలు వస్తే షాపులో ఒక నీలం మందు ఇచ్చారు. పేరు గుర్తులేదు. వేయగానే నీళ్లన్నీ నీలమైపోయాయి, అద్దం అంచుల్లోని సిలికాన్‌కి ఇప్పటికీ ఆ రంగు ఉంది. అది రాగేనా?

డల్లాస్_రీఫర్ #6

సిలికాన్‌కి అంత రంగు పట్టిందంటే చాలావరకు మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది, దాంట్లో రాగి లేదు. కానీ మైలుతుత్తం కూడా నీలమే, కాబట్టి రంగు చూసి నిర్ణయించొద్దు. సీసా ఉంటే లేబుల్ మీద కాపర్ సల్ఫేట్ అని ఉందేమో చూడండి. లేకపోతే ఉప్పునీళ్లు నింపాక కాపర్ టెస్ట్ కిట్‌తో ఒకసారి పరీక్షించండి. చేపలు కొద్ది రాగిని తట్టుకుంటాయి. రొయ్యలు, నత్తలు, ఎండ్రకాయలు తట్టుకోలేవు. రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకుని మెల్లగా వదులుతుంటాయి, అందుకే పాత గులకరాళ్లు వద్దన్నాను.

ట్యాంకు కడగడానికి వెనిగర్, నీళ్లు చాలు. సబ్బు, డిష్‌వాష్ దగ్గరికి కూడా రానీయకండి.

భీమవరం_చెరువు #7

నేను ఆక్వేరియం మనిషిని కాదండి, వనామీ రొయ్యల రైతుని. ఇంట్లో చిన్న ఉప్పునీటి ట్యాంకు ఉంది, చెరువు దగ్గర పనికొచ్చిందే దీంట్లోనూ పనికొస్తోంది.

ఒకటి. అమ్మోనియా రీడింగ్ ఒకటే అయినా ప్రమాదం ఒకటి కాదు. అమ్మోనియాలో విషపు రూపం ఎంత ఉంటుందనేది పిహెచ్ బట్టి మారుతుంది. మంచినీటి ట్యాంకు 7 దగ్గర ఉంటుంది, ఉప్పునీటిది 8.2 దగ్గర. ఆ కాస్త తేడాకే విషపు వాటా పదిరెట్లకు పైగా పెరుగుతుంది. గప్పీల ట్యాంకులో చూసీ చూడనట్టు వదిలేసిన 0.5 రీడింగ్ ఇక్కడ చేపలకు హాని చేస్తుంది.

రెండు. ఆక్సిజన్. అదే వేడిలో ఉప్పునీరు మంచినీటి కంటే సుమారు అయిదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలాయని ఫోన్ వస్తే మాకు గుండె గుభేలుమనేది ఇందుకే. నీటి పైభాగం ఎప్పుడూ కదులుతుండాలి. చిన్న వేవ్‌మేకర్ ఒకటి పెట్టండి.

మూడు. సెలైనిటీ (నీటి ఉప్పదనం) చూడటానికి తేలే ముల్లు ఉండే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ కొనొద్దు. ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకుంటే చాలు, రీడింగ్ తప్పుతుంది. మా రైతులు వాడే రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి. దాన్ని ఆర్‌ఓ నీటితో సున్నాకి పెట్టి వదిలేయకుండా, 35 పీపీటీ (లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. మాకు 5కీ 7కీ మధ్య తెలిస్తే చాలు, మీకు 33కీ 36కీ తేడా తెలియాలి.

బెజవాడ_ఎండ #8

ఇంతవరకు ఎవరూ ఎండ గురించి మాట్లాడలేదేంటి? మన దగ్గర ఉప్పునీటి ట్యాంకులు ఎక్కువగా పోయేది ఉప్పు వల్ల కాదు, ఏప్రిల్, మే నెలల వల్ల.

క్లౌన్‌కి 24 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెల మధ్యాహ్నం మన గదుల్లో నీరు 32 దాటుతుంది. పెద్ద ట్యాంకైతే వేడెక్కడానికి సమయం పడుతుంది, మీది అద్దాల్లోపల నిండుగా పోస్తేనే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు పోను 45 మిగులుతాయి. చిల్లర్ కొంటే దాని ధర మిగతా సామానంతటి కంటే ఎక్కువవుతుంది.

చవకైన దారి టేబుల్ ఫ్యాన్ కానీ క్లిప్ ఫ్యాన్ కానీ నీటి మీదికి తిప్పడం. మూత తీసేసి వలలాంటి జాలీ వేయండి, లేకపోతే చేప దూకుతుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మీకు బాగా పనిచేస్తుంది. మా బెజవాడ ఉక్కలో అంత ఫలితం ఉండదు, నేను ట్యాంకుని ఏసీ గదిలోకి మార్చాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. మా వారు ఇప్పటికీ "చేపల పేరు చెప్పి ఏసీలో పడుకుంటున్నావు" అంటారు.

ఫ్యాన్ పెట్టాక అసలు పని మొదలవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. 45 లీటర్లలో 2 లీటర్లు ఎగిరిపోతే 35 ఉన్న సెలైనిటీ 36.6 అవుతుంది. అందుకని అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ ఆ గీత దాకా ఉప్పు కలపని నీళ్లే పోయాలి. కొత్తవాళ్లు ఇక్కడ ఉప్పునీళ్లు పోసి సెలైనిటీ పెంచేస్తుంటారు. ఊరెళ్తే ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

కూకట్‌పల్లి_ఆక్వా #9

అమ్మో, ఇన్ని ఉన్నాయా! సరే, నీళ్ల సంగతి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కొలిచే పెన్ను పెట్టి చూశాను. బోరు నీళ్లు 900 పైన, ఇంటి ఆర్‌ఓ 70, వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాన్ 40. ఏది వాడాలి? ఇన్వర్టర్‌లో పోసే బ్యాటరీ వాటర్ వాడొచ్చని ఒక వీడియోలో చూశాను.

కెమిస్ట్రీ_మాస్టారు #10

బోరు నీళ్లు ఆలోచించనే వద్దు. ఇంటి ఆర్‌ఓలో రుచి కోసం మినరల్ కాట్రిడ్జ్, టీడీఎస్ కంట్రోలర్ ఉంటాయి. కంట్రోలర్ అంటే కొంత మామూలు నీటిని మళ్లీ కలపడమే. ఆ 70 అలా వచ్చిందే అయ్యుంటుంది. టెక్నీషియన్‌ని పిలిచి మెంబ్రేన్ నుంచి నేరుగా ఒక పైపు తీయించండి. దాని చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం పెడితే సున్నాకి వస్తుంది. ఒట్టి చేపల ట్యాంకైతే క్యాన్ నీటితోనూ నడుస్తుంది, కాకపోతే సిలికా, నైట్రేట్ ఉంటే మొదటి నెలల్లో గోధుమరంగు పాచి ఎక్కువ పడుతుంది.

బ్యాటరీ వాటర్ పెన్ను మీద సున్నా చూపించొచ్చు. ఆ డబ్బాలో అంతకుముందు ఏం పోశారో పెన్ను చెప్పదు.

ఉప్పు కలిపేటప్పుడు బకెట్‌లో నీళ్లు ముందు, ఉప్పు తర్వాత. లోపల చిన్న పంపు వేసి రాత్రంతా తిరగనివ్వండి. ఉప్పు ముందు పోసి నీళ్లు తక్కువగా పోస్తే కాల్షియం తెల్లగా విరిగిపోతుంది, మళ్లీ కరగదు. లీటరుకు 36 గ్రాముల లెక్కన మొదటిసారి మీకు 1.6 కిలోలు కావాలి. తర్వాత వారానికి 5 లీటర్లు మారిస్తే 180 గ్రాములు.

సాగరతీరం #11

వైజాగ్ నుంచి. మా ఊళ్లో అందరూ మొదట అడిగేది, బీచ్ పక్కనే ఉంది కదా, ఉప్పు కొనడం ఎందుకు అని. ఆర్కే బీచ్‌లో బిందె ముంచితే వచ్చేది సముద్రం ఒక్కటే కాదు, ఊరి మురుగు, ఓడల నూనె కూడా. ఒడ్డుకు దూరంగా పడవ మీద వెళ్లి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కానీ బంగాళాఖాతం ఏడాది పొడవునా ఒకలా ఉండదు. వేసవిలో 33, 34 చూపించే నీరు వానాకాలం వెళ్లాక 30 కంటే కిందికి పోతుంది. గంగ, బ్రహ్మపుత్రల మంచినీటిని ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి కిందికి తెస్తుంది. మన గోదావరి సరేసరి. కాబట్టి తెచ్చిన ప్రతిసారీ కొలవాలి. నేను డబ్బా ఉప్పుకే స్థిరపడ్డాను.

ఇసుక కూడా ఇక్కడిది వద్దు. భీమిలి వైపు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ రేణువులు ఉంటాయి. అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్‌ని అడుగు దాకా తీసుకెళ్తే నల్ల రేణువులు దానికి అంటుకుని, పైకి లాగేటప్పుడు అద్దం మీద గీతలు పడతాయి. నా ట్యాంకు ముందు అద్దానికి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా సన్నటి వెంట్రుక లాంటి గీత ఉంది, లైటు వేసినప్పుడల్లా కనబడుతుంది.

గప్పీ_రాజా #12

మరి రాళ్లు? రామేశ్వరం వెళ్లొచ్చినవాళ్లు పగడపు రాళ్లు తెస్తుంటారుగా. రెండు ముక్కలు బ్యాగులో పెట్టుకొస్తే ఎవరు అడుగుతారు?

నిర్వాహకుడు #13

రాజా గారూ, సరదాగా అన్నారని తెలుసు, అయినా ఇది స్పష్టంగా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పగడాలు షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్‌లోనే. చచ్చిన ముక్క తెచ్చుకున్నా, అమ్మినా, కొన్నా నేరమే. మన్నార్ సింధుశాఖ దీవులు 1986 నుంచి సముద్ర జాతీయ పార్కు. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలకు కూడా ఆ చట్టం రక్షణ ఉంది. ఈ వేదికలో పగడాలు, వాటి రాళ్లు కొనుగోలు అమ్మకాల పోస్టులు కనబడితే తొలగిస్తాం. సిమెంటుతో కానీ సిరామిక్‌తో కానీ చేసిన కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి. బ్యాక్టీరియాకు కావలసింది సన్నటి రంధ్రాలు, అవి వాటిలోనూ ఉంటాయి. సిమెంటు రాళ్లయితే పిహెచ్ స్థిరపడేదాకా నీళ్లు మార్చి మార్చి నానబెట్టాలి.

డల్లాస్_రీఫర్ #14

నేను లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) తెచ్చుకోమని రాయబోయి ఆగిపోయాను, మంచిదే అయింది. ఇక్కడ లైసెన్సు ఉన్నవాళ్లు సముద్రంలో రాళ్లు వేసి పెంచి అమ్ముతారు, అది అక్కడికి వర్తించదు.

రాళ్లు పొడివి కాబట్టి సైకిల్ ఇలా చేయండి. ఇసుక, రాళ్లు, 35 పీపీటీ నీరు, పంపు అన్నీ పెట్టి నడపండి. అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గర పెట్టండి. పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చే పద్ధతి కూడా ఉంది, హాల్లో ట్యాంకు ఉంటే చుట్టాలు రారు. ముందు అమ్మోనియా దిగి నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత అదీ దిగి నైట్రేట్ మిగులుతుంది. వేసిన 2 పీపీఎం ఒక రోజులో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అయితే ట్యాంకు సిద్ధం. టెస్ట్ కిట్ ఉప్పునీటికి కూడా పనికొస్తుందో లేదో డబ్బా మీద చూసుకోండి.

చేపలు: ఒసెల్లారిస్ క్లౌన్ ఒక జత, అంతే. ఇంకా ఆశ ఉంటే ఒక చిన్న గోబీ. ట్యాంకులో పుట్టి పెరిగిన క్లౌన్‌లే అడగండి. కేరళలోని విళింజంలో, తమిళనాడులోని మండపంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు క్లౌన్ పిల్లల ఉత్పత్తి ఎప్పుడో సాధించారు, కాబట్టి మన దేశంలో ఇది కొత్త విద్య కాదు. క్లౌన్‌కి ఎనిమోన్ (సముద్రంలో క్లౌన్ దాక్కునే పువ్వు లాంటి జీవి) తప్పనిసరి కాదు, కొత్త చిన్న ట్యాంకులో ఎనిమోన్ బతకదు కూడా. షాపతను చవగ్గా నీలం డామ్సెల్ అంటగట్టబోతే తీసుకోవద్దు. వేలెడంత ఉండి ట్యాంకంతా తనదే అంటుంది. బ్లూ టాంగ్‌కి మీ ట్యాంకు పొడవు ఒక్క ఈత. మాండరిన్ చేప మన మేత ముట్టక ఎండిపోతుంది.

బెజవాడ_ఎండ #15

కరెంటు గురించి కూడా. ఉప్పునీటి తుంపర్లు ఆరి వైర్ల మీద, ప్లగ్గుల మీద తెల్లగా పేరుకుంటాయి. ఆ ఉప్పు చెమ్మ పీలిస్తే షాక్ కొడుతుంది. స్విచ్‌బోర్డు ట్యాంకుకి పైన కానీ పక్కన దూరంగా కానీ ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒకసారి వేలాడి మళ్లీ పైకెళ్లాలి, అప్పుడు నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేని ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టొద్దనే నేనంటాను. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి చేతిలో ఉంచుకోండి, ట్యాంకు చిన్నది కాబట్టి ఎక్కువసేపు ఆగదు.

భీమవరం_చెరువు #16

కూకట్‌పల్లి గారూ, ఇవన్నీ విని టెన్షన్ పడకండి. మీ దగ్గర నాలుగు మోలీలు ఉన్నాయన్నారు కదండీ, వాటితో మొదలుపెట్టండి.

మోలీ సముద్రం దగ్గరి కాలువల్లో, మడుగుల్లో ఉండే జాతి. మెల్లగా అలవాటు చేస్తే 35 పీపీటీలోనూ హాయిగా తిరుగుతుంది, పిల్లలు కూడా పెడుతుంది. ట్యాంకు సైకిల్ అయ్యేదాకా వాటిని వేరే మంచినీటి ట్యాంకులో ఉంచి, పూర్తయ్యాక ఎయిర్ పెట్టిన బకెట్‌లోకి తీసుకోండి. ఆ నీరు కొంచెం తీసి ఉప్పునీరు కొంచెం పోస్తూ రోజుకు 5 పీపీటీ చొప్పున పెంచుకుంటూ వారంలో 35కి తీసుకెళ్లండి. బకెట్‌లో ఫిల్టర్ ఉండదు, మేత చిటికెడు చాలు, అమ్మోనియా రోజూ చూడాలి. మొప్పలు వేగంగా ఆడిస్తుంటే ఆ రోజు పెంచకండి. గప్పీల్లో బలమైనవి కూడా తట్టుకుంటాయి కానీ నష్టం ఎక్కువ. సక్కర్‌ని మాత్రం ఈ ప్రయోగంలోకి లాగొద్దు.

ఆ మోలీలతో ఒక వేసవి నడపండి. ఉప్పు కలపడం, గీత దాకా నీళ్లు పోయడం, ఫ్యాన్, ఊరెళ్లినప్పుడు పక్కింటివాళ్లు, అన్నీ అప్పుడు తేలిపోతాయి. మే నెలలో నీరు 29 దాటకుండా ఉంటే, సెలైనిటీ 34, 36 మధ్యే నిలిస్తే క్లౌన్‌లు తెచ్చుకోండి. నిలవకపోతే మోలీలకు పోయేదేమీ లేదు, అదే పద్ధతిలో వెనక్కి తీసుకొచ్చేయొచ్చు.

గప్పీ_రాజా #17

ఉప్పునీటి మోలీలా! ఇది నేనూ చేస్తా. కల్లుప్పుతో కాదులెండి మాస్టారూ.

కూకట్‌పల్లి_ఆక్వా #18

భీమవరం అన్నా, ఈ ఆలోచన చాలా నచ్చింది. పాపకి చెప్పాను, "నల్లవి ముందు, నారింజవి తర్వాత" అని ఒప్పుకుంది, కానీ క్యాలెండర్‌లో జూన్ నెల చుట్టూ గీత గీసి పెట్టింది. గప్పీలు, సక్కర్ మా తమ్ముడి ట్యాంకుకి పోతున్నాయి. ఆర్‌ఓ టెక్నీషియన్ శనివారం వస్తానన్నాడు. రిఫ్రాక్టోమీటర్, కృత్రిమ రాళ్లు ఆర్డర్ పెట్టాను. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే మా ఫ్లాట్‌లో ఆర్‌సీసీబీ లేదని తేలింది, ముందు ఆ పని.

ఒక చిన్న సందేహం. ఇన్నాళ్లూ ట్యాంకు నుంచి తీసిన నీళ్లు బాల్కనీలో కరివేపాకు, మందారం కుండీలకు పోసేవాణ్ణి, బాగా పెరిగాయి. ఇకముందు?

బెజవాడ_ఎండ #19

పోశారంటే కరివేపాకు మళ్లీ కొనుక్కోవాల్సిందే. బాత్రూం డ్రైన్‌లో పోసి, వెనకాలే రెండు మగ్గుల మామూలు నీళ్లు కొట్టండి. స్టీలు జాలీ ఉంటే తుప్పు పడుతుంది, ప్లాస్టిక్‌ది వేయించుకోండి. ఆర్‌ఓ నుంచి వృథాగా పోయే నీళ్లు కూడా కుండీలకు వద్దు. మీ బోరు 900 అన్నారు కదా, ఆ వృథా నీటి టీడీఎస్ దానికంటే పైనే ఉంటుంది. బాల్కనీ కడగడానికి వాడుకోండి.